ముగింపు చెప్పకూడని ఎండాకాలం

మా వీధి చివర లైబ్రరీలో ఆ ఎండాకాలం ఒక కొత్త రూలు పెట్టారు. పుస్తకం గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు కానీ, ముగింపు మాత్రం చెప్పకూడదు. ఎవరైనా నోరు జారబోతే లైబ్రేరియన్ గారు గంట కొడతారు. గంటంటే పెద్దదేమీ కాదు, పాత సైకిల్ గంట. ఎక్కడో ఊడదీసి తెచ్చి బల్ల అంచుకి బిగించారు.

ప్రతి ఆదివారం సాయంత్రం పేపర్లు చదువుకునే హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసేవారు. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్ళు లేచి, అదెలా ఉందో చెప్పి, చివర్లో "ఈ పుస్తకం ఎవరికి?" అనే ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఒకరు "మధ్యాహ్నం నిద్ర పట్టనివాళ్ళకి" అనేవారు. ఇంకొకరు "అత్తగారితో మాట్లాడటం మానేసినవాళ్ళకి" అనేవారు. ఆ జవాబు తనకే తగిలిందనుకున్నవాళ్ళు చెయ్యెత్తి పుస్తకం పట్టుకెళ్ళాలి. అత్తగారి పుస్తకానికి నేను మొహమాటంగా సగం చెయ్యెత్తితే, పక్కనే ఉన్న మా అత్తయ్య "సగమెందుకు, రెండు చేతులూ ఎత్తు" అని నా మోచెయ్యి పట్టుకుని పైకి లేపింది. హాలంతా నవ్వింది.

మా మామయ్య ఆ లైబ్రరీకి పుస్తకాలు కుట్టేవారు. మా ముందుగది ఆయన పనిగది. నొక్కుడు చెక్కలు, జిగురు గిన్నె, దారపు ఉండలు, కిటికీ కింద అట్టల దొంతర. వెన్ను విరిగిన పుస్తకం వస్తే విప్పదీసి, మడతలు మడతలుగా విడదీసి, వరస చూసుకుని మళ్ళీ కుట్టి, కొత్త అట్ట వేసి చెక్కల మధ్య నొక్కిపెట్టేవారు. అన్ని పుస్తకాలు కుట్టిన మనిషి ఒక్కటీ చదివేవారు కాదు. అడిగితే "వడ్డించేవాడే విస్తరి ముందు కూర్చుంటే మిగతావాళ్ళు ఏం తింటారమ్మా?" అనేవారు. జిగురు ఆరేలోపు ఆ పుస్తకాలు చదివేసే పని నాది. నాకు చదువు పిచ్చి పట్టించింది బడి కాదు, ఆ జిగురే.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఎండాకాలం మొదట్లోనే తండ్రితో ఒక గొడవ పెట్టుకున్నాడు.

"ఇంకా ఎందుకు నాన్నా ఈ పని? వంగి వంగి నడుం పోతోంది. హాయిగా కూర్చోరాదూ?"

"కూర్చుంటే కూర్చునే పోతాన్రా."

"అన్నిటికీ అదే మాట. ఈసారి ఏదైనా తేడా వచ్చిందా, ఆ చెక్కలన్నీ తీసుకెళ్ళి అటక మీద పడేస్తా."

"ముందు నన్నెక్కించు అటక మీద. నా వెనకాలే చెక్కలు ఎక్కించుదువుగాని."

అత్తయ్య లోపలినుంచి "ఇద్దర్నీ ఎక్కించి నిచ్చెన తీసేస్తే నాకు ప్రశాంతంగా ఉంటుంది" అంది. అంతటితో గొడవ ఆగిపోయింది కానీ, మామయ్య ముఖంలో నవ్వు రాలేదు. అప్పుడది నాకు పెద్ద విషయంగా తోచలేదు.

ఆ రోజుల్లోనే ఆయన నాచేత సూదుల్లో దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. "నీ హస్తవాసి మంచిదమ్మా. నువ్వు దారం ఎక్కిస్తే కుట్టు బిగుతుగా పడుతుంది" అనేవారు. నేను పొంగిపోయి, పొద్దున్నే సూదులన్నిటికీ దారాలు ఎక్కించి వరసగా పెట్టేదాన్ని. పేపరు చదవడం కూడా మానేశారు. "అందులో చదివేందుకేముంది, నిన్నటిదే మళ్ళీ వేస్తున్నాడు" అంటే అందరం నిజమే అనుకున్నాం.

ఎండలు బాగా ముదిరాక ఒక ఆదివారం లెక్కల మాస్టారు లేచారు. రిటైరైపోయినా ఏ నవలనైనా పరీక్ష పేపరు దిద్దినట్టు పెన్సిలు పట్టుకుని చదివే మనిషాయన. ఆయన చేతిలో ఉన్నది లైట్‌హౌస్ నవల. లైట్‌హౌస్ కాపలావాడు మాయమైపోతే, గొడుగు పట్టుకుని తిరిగే ఒక ఇన్‌స్పెక్టరు హంతకుడి కోసం వెతికే కథ. కొద్ది వారాల ముందే మామయ్య దాన్ని కుట్టి ఇచ్చారు. తొందరగా కావాలన్నారని, జిగురు ఆరీ ఆరకముందే పంపేశారు. అందుకే అది ఆసారి నా చేతికి రాలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి చదివాను.

"ఇలాంటి నవల నేను జన్మలో చదవలేదండీ" అని మొదలుపెట్టారు మాస్టారు. "సగందాకా ఒకటే ఉత్కంఠ. ఇన్‌స్పెక్టరు మెట్లెక్కాడు. గొడుగు మడిచాడు. తలుపు తోశాడు. పేజీ తిప్పాను. 'పిండి బాగా పొంగింది' అని ఉంది! శవం లేదు, హంతకుడు లేడు. ఎవరో ఒకావిడ బేకరీ పెట్టుకుని రొట్టెలు కాలుస్తోంది. ముందు నాకూ బుర్ర తిరిగింది. ఆలోచిస్తే అప్పుడు తెలిసింది రచయిత ఎంత గట్టివాడో. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఉన్నవాళ్ళకి రొట్టె కావాలి. అదీ సంగతి!"

హాలంతా చప్పట్లు కొట్టారు. ఎవరో "మరి హంతకుడెవరో తేల్చారా?" అని అడిగారు. మాస్టారు నోరు తెరిచేలోపే గంట మోగింది.

తర్వాత దర్జీ పిన్ని లేచింది. లైబ్రరీకి ఎదురుగా కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడని అందరం పిన్నీ అనే పిలుస్తాం. ఆవిడ చేతిలో ఇంకో నవల. అదీ మామయ్య కుట్టిందే, లైట్‌హౌస్ నవలతోపాటే హడావిడిగా పంపింది.

"భర్త పోయినావిడ ధైర్యంగా బేకరీ పెట్టుకుంటుంది. పక్కకొట్టాయనకి ఆవిడంటే ఇష్టం. ఎంత చక్కగా రాశారో! ఇవాళో రేపో మనసులో మాట చెప్పేస్తాడనుకుంటున్నా. ఆవిడ పొద్దున్నే వచ్చి పొయ్యి తలుపు తీసి లోపలికి చూసింది. పేజీ తిప్పితే, 'శవం అక్కడ లేదు' అని ఉంది! మిషన్ మీద నా కాలు ఆగిపోయింది. అంత మంచి మనిషి ఇన్నాళ్ళూ రొట్టెల పొయ్యిలో శవాన్ని దాచిందా? ఇంకా చూడండి, చివరికి ఆ గొడుగాయన…"

గంట గట్టిగా మోగింది.

"నేనింకా ముగింపు చెప్పలేదు తల్లీ!"

"గుమ్మం దాకా వచ్చేశారు పిన్నీ" అన్నారు లైబ్రేరియన్ గారు.

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం సంగతి తెలిసిపోయింది. ఒకే ప్రచురణకర్త, ఒకే సైజు, ఒకే అచ్చు, ఒకేలా పసుపెక్కిన కాగితం. మామయ్య రెండూ ఒకేసారి విప్పి ఒకే బల్ల మీద పెట్టారు. ఒకదాని ముందు సగానికి ఇంకోదాని వెనక సగం చేరింది. పేజీ అంకెలు కలిశాయి, కథలే కలవలేదు. ముగింపు చెప్పకూడదన్న రూలు వల్ల ఇన్ని వారాలూ ఎవరికీ అనుమానం రాలేదు. పైగా రెండింటి కోసమూ జనం ఎగబడుతున్నారు.

పక్కన మామయ్య అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నారు. పిన్ని కూర్చున్నాక ఆయన ముఖం మారిపోయింది. "మాస్టారూ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని పుస్తకం తీసుకున్నారు.

"ఎంత గట్టిగా కుట్టారండీ, రాయిలా ఉంది" అన్నారు మాస్టారు.

మామయ్య సరిగ్గా మధ్యకి తెరిచి, అతుకు మీద బొటనవేలు పైనుంచి కిందికి నడిపించారు. పుస్తకం దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు. తర్వాత మెల్లిగా నా ఒళ్ళోకి జరిపి "ఇక్కడేముందమ్మా?" అన్నారు.

"ఈ పక్క 'తలుపు తోశాడు' అని ఉంది మామయ్యా. ఈ పక్క 'పిండి బాగా పొంగింది' అని" అన్నాను, ఆయనకి మాత్రమే వినపడేలా.

ఆయన పుస్తకం మూసేశారు. ఆ తర్వాత సాయంత్రమంతా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు.

ఇంటికొచ్చాక పనిగదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వెయ్యమన్నారు.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

"చలికాలం నుంచి. ముందు పొగమంచు అనుకున్నానమ్మా. ఊరందరికీ మంచు పోయింది, నాకే పోలేదు."

"మరి చెప్పలేదేం?"

ఆయన కిటికీ పక్క మూలకి చెయ్యి చూపించారు. "మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ఆయనా ఈ పనే. చూపు పోయాక అక్కడ స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్ళం. ఎవరి అడుగు చప్పుడైనా 'ఎవరది?' అనేవాడు. పెద్దపెద్ద పుస్తకాలు కుట్టిన మనిషికి చివరికి ఆ ఒక్క మాటే మిగిలింది. నాకూ అదేగా. ఎప్పుడో ఒకప్పుడు ఆ మూలకే పోతాను. ఇప్పుడే పంపకండి. వాడికి మాత్రం చెప్పకమ్మా."

సరే అన్నాను. బల్ల మీద నేను పొద్దున దారం ఎక్కించి పెట్టిన సూదులు వరసగా ఉన్నాయి. నా హస్తవాసి సంగతి అప్పుడర్థమైంది. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అమ్మానాన్నల తర్వాత నన్ను అంత ఆప్యాయంగా చూసుకున్న మనిషి ఆయన. ఆ మూలలో ఆయన్ని ఊహించుకోవడం నావల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళాను. ఆ రెండు పుస్తకాలూ చప్పుడు కాకుండా ఇంటికి తెచ్చి, విప్పి కుట్టేస్తే ఎవరికీ తెలియదని నా ఆలోచన. లైబ్రేరియన్ గారు గుడ్డతో అరలు దులుపుతున్నారు. ఏదో సాకు చెప్పబోయాను.

"ఆ రెండేగా?" అన్నారు ఆవిడ, నా వైపు తిరక్కుండానే. "తిరిగొచ్చిన ప్రతి పుస్తకం నేను తిరగేస్తాను. మొదటి వారమే చూశాను."

పుస్తకాల కోసం తెచ్చిన సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను.

"అరలోంచి తీసేస్తే ఎందుకు తీశావంటారు. ఎందుకో చెబితే ఆయన పేరొస్తుంది. ఎప్పుడూ దారపుపోగంత తేడా రానివ్వని మనిషి రెండు కథలు కలిపి కుట్టారంటే, అది చేతి తప్పు కాదని తెలుసు. నేనే పిలిచి అడిగితే ఇక జన్మలో సూది ముట్టరు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వస్తారని చూస్తున్నాను. నువ్వొచ్చావు."

"ఎవరికీ చెప్పనని మాటిచ్చానండీ."

"నువ్వేమీ చెప్పలేదుగా. నేనే చెప్పాను" అని గుడ్డ పక్కన పెట్టి, "వచ్చే ఆదివారం ఆయన్ని తప్పకుండా తీసుకురా. మిగతాది నాకు వదిలెయ్" అన్నారు.

ఆదివారం వెళ్ళేసరికి హాలు గోడకి అక్షరాల అట్ట వేలాడుతోంది, పక్కన కళ్ళ డాక్టరమ్మ. "పుస్తకాల గురించి చెప్పుకునే ముందు, చదివే కళ్ళ సంగతి చూసుకుందాం. ఇవాళ అందరికీ పరీక్ష. చిన్నా పెద్దా తేడా లేదు, ముందు నేనే" అని లైబ్రేరియన్ గారు వెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు. అందరితోపాటు అన్నాక మామయ్య కాదనలేకపోయారు. మాస్టారి వెనక వరసలో నిలబడ్డారు.

నిలబడి పెదాలు కదుపుతున్నారు. ముందు ఏమిటో అర్థం కాలేదు. తర్వాత చూస్తే, ముందువాళ్ళు చదువుతున్న అక్షరాలన్నీ విని కంఠస్థం చేసేస్తున్నారు! అత్తయ్య నా చెవిలో "ఈయన పెదాలు కదుపుతున్నారేంటే? మనకి తెలియకుండా జపం మొదలెట్టారా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయన వంతు వచ్చింది. స్టూలు మీద కూర్చుని, పై వరస నుంచి కింది వరస దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశారు. డాక్టరమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. అట్టని వెనక్కి తిప్పింది. అటువైపు వేరే అక్షరాలున్నాయి.

"ఇప్పుడు చెప్పండి."

మామయ్య చాలాసేపు చూశారు. 

"అట్ట కనపడుతోందమ్మా" అన్నారు చివరికి. "మంచి అట్టే. దాని మీద ఏముందో కనపడట్లేదు."

అప్పుడే డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే లోపలికొచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. ఆ మాట విన్నాడు. అత్తయ్యా విన్నది.

డాక్టరమ్మ చిన్న లైటు వేసి రెండు కళ్ళూ చూసింది. "శుక్లాలు బాబాయిగారూ. బాగా ముదిరాయి. తీసేస్తే మళ్ళీ చూడొచ్చు. ఇన్నాళ్ళూ పని ఎలా చేశారు?"

"వేళ్ళతో" అన్నారు మామయ్య. "తీసేస్తే పోతాయా? మా నాన్నకి పోలేదే" అన్నారు.

"ఆయనకి ఎవరైనా చూపించారా?"

 మామయ్య తల వంచుకుని తన అరచేతుల కేసి చూసుకుంటూ ఉండిపోయారు. మా ఆయన వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. చెక్కల మాట గానీ అటక మాట గానీ ఎత్తలేదు. "పద నాన్నా, ఇంటికెళ్దాం" అన్నాడు అంతే. దారంతా బస్సు నడిపినంత జాగ్రత్తగా ఆయన్ని నడిపించాడు. గుంట వస్తే ఆగాడు, మలుపు వస్తే చెప్పాడు.

ఆపరేషన్ అయ్యాక కంటికి కట్టుతో ఇంట్లో ఉండాల్సి వచ్చింది. చేతులకి పని లేకపోతే మామయ్యకి పిచ్చెక్కుతుందని అత్తయ్య భయం. కట్టు కట్టిన మర్నాడే, చదివి వినిపించమని లైబ్రేరియన్ గారు పంపితే, మాస్టారూ దర్జీ పిన్నీ కలిసి వచ్చారు. మాస్టారి చేతిలో లైట్‌హౌస్ నవల, పిన్ని చేతిలో బేకరీ నవల. అసలు సంగతి మామయ్యే వాళ్ళకి చెప్పారు, ఏదీ దాచకుండా.

"అంటే నేను అంత ఆలోచించి కనిపెట్టింది…" అని మాస్టారు నీరుగారిపోయారు.

"మీ ఆలోచనేం పోలేదులెండి, దాన్ని ఇంకో పుస్తకానికి వాడుకోండి" అంది పిన్ని. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "అయితే మా బేకరీ అమ్మాయి శవాన్ని దాచలేదన్నమాట! నాకు తెలుసు, అలాంటి పిల్ల కాదని."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ముందు సగం మాస్టారు చదివారు. ఇన్‌స్పెక్టరు తలుపు తోయగానే ఆయన ఆగారు, పిన్ని తన పుస్తకం మధ్యకి తెరిచి అక్కణ్ణుంచి అందుకుంది. ఏ కథైనా సాంతం కావాలంటే ఇద్దరూ ఉండాల్సిందే. ఒకరు రాని రోజు కథ అక్కడే ఆగిపోయేది. మామయ్య కంటికి కట్టుతో, తల గోడకి ఆనించి వినేవారు. జీవితమంతా కుట్టిన పుస్తకాల్లో ఏముందో ఆయన సాంతం వినడం అదే మొదలు. "ఊఁ, తర్వాత?" అని చిన్నపిల్లాడిలా అడుగుతుంటే అత్తయ్య టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయేది. ఆ ఇద్దరికీ మేం ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? టీ ఇచ్చాం. తాగి వెళ్ళేవారు, మళ్ళీ వచ్చేవారు.

కట్టు విప్పాక మామయ్య ముందు చూసింది నా చేతుల్ని. "సూదిపోట్లు ఇన్ని పడ్డాయేంటమ్మా?" అన్నారు. ఆ మధ్యలో ఆయన చెబుతుంటే చిన్న చిన్న పుస్తకాలు నేనే కుట్టాను మరి. ఆ రెండు నవలల్ని మాత్రం ఆయన కోసమే ఆపి ఉంచాను. ఇద్దరం కలిసి విప్పాం. కుట్టు నాది, వరస ఆయనది. ప్రతి అతుకు దగ్గరా పై పేజీ చివరి మాటా, కింది పేజీ మొదటి మాటా పైకి చదివి, కలిసిందని రూఢి చేసుకుని నాకు అందించేవారు. చదువుతూ చదువుతూ కథలో పడిపోయి పని మర్చిపోయేవారు. "మామయ్యా, జిగురు ఆరిపోతోంది" అని నేను గుర్తుచెయ్యాల్సి వచ్చేది. ఇప్పటికీ మా పని అలాగే నడుస్తోంది.

మొదటి వానకి ముందు ఆదివారం, ఎండాకాలపు ఆఖరి సాయంత్రం, మామయ్య లైట్‌హౌస్ నవల పట్టుకుని లేచారు. ఆ హాల్లో ఆయన లేవడం అదే మొదటిసారి.

"ఇది నేను కుట్టిన పుస్తకం. తప్పు కుట్టాను. కళ్ళు కనపడక కుట్టాను. కనపడట్లేదని ఇంట్లో చెప్పుకోలేక కుట్టాను. మీరెవరూ నన్నొక్క మాట అనలేదు. లైబ్రేరియన్ అమ్మ నా పేరు బయటికి రానివ్వలేదు. మాస్టారూ, చెల్లెమ్మా నాకు చదివి వినిపించారు. నా కోడలు చేతులు పొడిపించుకుంది. అందరికీ దణ్ణం. ఇప్పుడు ఇది సరిగ్గా ఉంది. ఆ గొడుగు ఇన్‌స్పెక్టరు చివరికి హంతకుణ్ణి…"

గంట మోగింది. మామయ్య ఆగలేదు. మెట్ల మీద ఎవరు దొరికారో, ఎలా దొరికారో అన్నీ చెప్పేస్తున్నారు. గంట మోగుతూనే ఉంది.

"ఊరికే ఎందుకమ్మా, గంట అరిగిపోతుంది" అంది అత్తయ్య. "కాపురానికొచ్చినప్పటి నుంచి నేను ఆపుతున్నా, ఆ మనిషి ఎప్పుడైనా ఆగాడా?"

లైబ్రేరియన్ గారు నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "సరే, ముగింపు అయిపోయింది. ఈ పుస్తకం ఎవరికో అదైనా చెప్పండి" అన్నారు.

 "కష్టం ఇంట్లో చెప్పుకోలేనివాళ్ళకి" అన్నారు మామయ్య. మళ్ళీ దిద్దుకుని "కాదులే, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి" అన్నారు.

వెనక వరసలో ఒక ఖాకీ చెయ్యి లేచింది. పెళ్ళైనప్పటి నుంచి ఒక్క పుస్తకం ముట్టని మా ఆయనది.

దాన్ని చదవడానికి ఆయనకి వానాకాలమంతా పట్టింది. డ్యూటీ నుంచి రావడం, పనిగదిలో కిటికీ పక్క ఆ మూల స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పడం. ఒకరోజు అత్తయ్య ఉండబట్టలేక అడిగింది.

"ముగింపు మీ నాన్న ఎప్పుడో చెప్పేశారుగా, ఇంకా ఏం చూస్తున్నావురా అందులో?"

"మధ్యలో అతుకు ఎక్కడుందా అని చూస్తున్నానమ్మా" అన్నాడు మా ఆయన. "ఎంత వెతికినా దొరకట్లేదు."

మామయ్య విననట్టే జిగురు కలుపుతూ ఉన్నారు. అప్పటికే చిక్కబడిన జిగురుని అలా ఎంతసేపు కలిపారో.